పికప్ మంచిగున్న బండి

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అది అబద్ధం. నాకు ఆలస్యం పడదు, అంతే. నిజామాబాదులో ఉంటూ రుద్రూర్ దగ్గర నేను పాఠాలు చెప్పే బడికి ఆరేళ్లు బస్సుల్లో తిరిగాను. బోధన్ దాకా ఒక బస్సు, అక్కడ దిగి ఇంకొకటి. చెరుకు కొట్టే రోజుల్లో ఎడపల్లి దాటాక ముందు ట్రాక్టరు పడిందంటే ఇక అయిపోయినట్టే. రెండు ట్రాలీల చెరుకు ఊపుకుంటూ అది పోయినంత సేపూ మా బస్సు దాని వెనకే పోవాలి. డ్రైవరన్నకు ఏ బాధా ఉండేది కాదు. మిగతా జనం హాయిగా కునుకు తీసేవాళ్లు. నేనొక్కదాన్నే ముందు సీటు కడ్డీ పట్టుకుని పళ్లు నూరేదాన్ని.

అలాంటి ఒక పొద్దున మా బస్సునీ, చెరుకు ట్రాక్టరునీ కలిపి ఒక్క ఊపులో దాటిపోయింది ఒక ఎర్ర కారు. చిన్నది, నాలుగు తలుపులదే. కానీ నేలకు దగ్గరగా కూర్చుని ఉంటుంది. వెనక అద్దం మీద చిన్న రెక్క, లావుపాటి టైర్లు, గొంతు పెంచినట్టుండే చప్పుడు. చీరలు చూసి, నగలు చూసి నాకెప్పుడూ అంత ఆశ పుట్టలేదు. ఆ కారు మీద పుట్టింది. ముప్పై నాలుగేళ్ల పంతులమ్మకు ఇదేం బుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే కిటికీలోంచి అది కనపడినంత దూరం చూశాను.

ఆ కారు ఎవరిదో కనుక్కోవడానికి పెద్దగా కష్టపడలేదు. బోధన్‌లో నేను రెండో బస్సు ఎక్కే చోటికి నాలుగడుగుల దూరంలో బండ్ల సీట్లు కుట్టే దుకాణం ఉంది. దాని ముందే ఆగి ఉంటుంది. నడిపేది ఎవరో కుర్రాడనుకున్నాను. కాదు, దుకాణం యజమానే. గోరింటాకు పెట్టిన గడ్డం, మెడలో కొలత టేపు, అరవై దాటిన పెద్దమనిషి. వాళ్ల తాత బగ్గీలకు మెత్తలు కుట్టాడట, తండ్రి సినిమా హాలు కుర్చీలు కుట్టాడట, ఈయన కార్లకు కుడతాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం, ఒక రోజు ఆ కారు అద్దానికి తెలుగులో, ఉర్దూలో 'అమ్మబడును' అని కాగితం అంటించి ఉండటం. ఆ రోజు నా బస్సు నా కళ్ల ముందే వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఎందుకు అమ్ముతున్నారంటే, మోకాళ్లు అన్నాడాయన. కూర్చునేటప్పుడు బాగానే ఉంటుందట, దిగేటప్పుడు ఇద్దరు లేపాలట. తర్వాత నేను అడగకుండానే బండి తప్పులన్నీ తనే చెప్పుకొచ్చాడు. ఏసీకి మనసైతే చల్లబడుతుంది. ఎడమ వైపు వెనక తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది. స్పీడ్ బ్రేకర్లంటే దీనికి పడదు, కడుపు గీసుకుంటుంది. ఇన్ని చెప్పాక, మంచి చివరన చూపించాడు. నల్ల రెక్జిన్ సీట్లు, ఎర్ర దారంతో వరుస తప్పని కుట్లు. తన చేత్తో కుట్టినవి. వాటి మీద మరక పడనీయవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

నడిపి చూడమని తాళం చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నానన్న మాటే గానీ, ఆ దుకాణం ముందే రెండుసార్లు బండి ఆగిపోయింది. ఆయన బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ మర్యాద నాకు నచ్చింది. రుద్రూర్ రోడ్డెక్కాక, రెండు వైపులా చెరుకు, ముందు మళ్లీ అదే, రెండు ట్రాలీల ట్రాక్టరు. నేను అలవాటు ప్రకారం దాని వెనక చేరబోయాను.

"గట్ల కాదు బేటీ," అన్నాడాయన. "గేరు దించి తొక్కు. దీని పికప్ సూడు."

గేరు దించి తొక్కాను. వీపు సీటుకు అంటుకుంది. ట్రాక్టరు పక్కకొచ్చింది, వెనకబడింది, అద్దంలో చిన్నదైపోయింది. నేను గట్టిగా నవ్వాను. పరాయి మనిషి పక్కనుండగా అంత గట్టిగా నవ్వడం నాకే వింతగా అనిపించింది. ఆయన కూడా గడ్డం పట్టుకుని నవ్వాడు. బేరం అక్కడే కుదిరింది.

బళ్లో ఉపాధ్యాయులందరికీ నా మీద జాలి కలిగింది. తీసుకుంటే ఎత్తు బండి తీసుకోవాలట, తెల్ల రంగైతే మురికి కనపడదట (ఇది లెక్కల సారు మాట, ఆయన లెక్కలు అలాగే ఉంటాయి), ఈ వయసులో వెనక రెక్కలున్న బండేమిటట. అవన్నీ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాను. నా భయం వాళ్లు కాదు. మా బాపు.

భీమ్‌గల్ దగ్గరి మా ఊళ్లో బాపు పసుపు పండిస్తాడు. ఆయన లెక్కలో వస్తువంటే ఏదో ఒకటి మోయాలి, కోయాలి, లేకపోతే తోడాలి. నేను మొదటి జీతంతో గోడకు పెట్టుకునే బొమ్మ ఒకటి కొంటే, చాలాసేపు చూసి, ఇది ఏం చేస్తది బిడ్డా అని అడిగిన మనిషి. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. అలాంటి మనిషికి, నవ్వొస్తుందని కారు కొన్నానంటే ఏం చెప్పను? అందుకే ఫోన్‌లో నేరుగా గుణగణాల్లోకి దిగాను.

"బాపూ, బండి మాట్లాడిన. పాతదే గని పికప్ మంచిగున్నది."

బాపు ఆ ఒక్క మాటే పట్టుకున్నాడు.

"పికప్పా?"

"అవ్ బాపు. మస్తు పికప్."

"మంచి పని జేసినవ్ బిడ్డా," అన్నాడు. "ఇన్నేండ్లకు నా మనసుల మాట ఎరుకైంది నీకు."

ఆ మనసులో మాటేమిటో నేను అడగలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి, అడిగే స్థితిలో లేను. మా బాపు నా సంతోషాన్ని సంతోషంగానే చూశాడని పొంగిపోయి, మర్నాడు బళ్లో అందరికీ కలాకండ్ పంచాను. ఆదివారం బండి తెస్తానంటే, ఆదివారం వద్దు, గంజ్ నడిచే రోజే రమ్మన్నాడు. గంజ్ అంటే నిజామాబాదు మార్కెట్ యార్డు, పసుపు అమ్ముకునే చోటు. నా కారులో దర్జాగా కూర్చుని గంజ్‌కు పోవాలని ఆయనకు ముచ్చటగా ఉందనుకున్నాను. బుధవారానికి సెలవు పెట్టాను.

ఆ పొద్దున దారి పొడుగునా కళ్లాల మీద పసుపు ఆరబోసి ఉంది. మబ్బు పట్టి ఉంది కూడా. జనం పసుపు మీద కప్పడానికి తాటిపత్రులు పట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. మా వాకిట్లోకి మలుపు తిరిగేసరికి వాకిలిని నేనే గుర్తుపట్టలేకపోయాను. గేటు రెండు రెక్కలూ తీసి ఉన్నాయి. అడ్డంగా ఉండే రాయిని జరిపేశారు. మా వేపచెట్టుకు కిందికి వేలాడే కొమ్మలన్నీ కొట్టేసి ఉన్నాయి. హారతి పళ్లెంతో మా అమ్మ, కొబ్బరికాయతో బాపు, చుట్టుపక్కల వాళ్లు పదిమంది. అంత పెద్ద ఖాళీ మధ్యలోకి నా ఎర్ర కారు వెళ్లి ఆగింది. పక్కన ఇంకా రెండు కార్లు పట్టేంత చోటు మిగిలింది.

బాపు నా వైపు కాదు, నా వెనక రోడ్డు వైపు చూశాడు.

"పికప్ ఎనుక వస్తున్నదా బిడ్డా?"

"ఏ పికప్ బాపూ?"

అప్పుడు నాకు అర్థమైంది. పసుపు బస్తాలు వేసుకుని పోవడానికి వెనక డబ్బా ఉండే బండిని మా వైపు అందరూ అనే పేరు అదే. ప్రతి ఏడూ పసుపు వచ్చాక, కిరాయి బండ్ల కోసం బతిమాలలేక, మనకే ఒక పికప్ ఉంటే ఎంత బాగుండునని బాపు అనడం, నేను పుస్తకం లోంచి తలెత్తకుండా ఊఁ కొట్టడం. ఒక ఏడు కాదు, పదేళ్లు. ఆయన చెప్పింది నేను ఒక్కసారీ వినలేదు. నేను చెప్పింది ఆయన ఒక్కసారికే విన్నాడు, తన మాటగా విన్నాడు.

ఎవరో నవ్వారు. పసుపు కొమ్ముకో ట్రిప్పు కొడితే వచ్చే ఏటికి అయిపోతదని ఎదురింటి తాత అన్నాడు. ఇంకోసారైతే ఆయనకు గట్టిగా జవాబు చెప్పేదాన్ని. నా మీద నాకే మండుతుంటే ఇంకొకరికి ఏం చెప్పను? బాపు మాత్రం కొబ్బరికాయ కొట్టాడు, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టాడు, నిమ్మకాయలు టైర్ల కింద పెట్టాడు. కారును కారు లాగే చూశాడు. కానీ ఆయన కళ్లు మాటిమాటికీ మా ప్రహరీ అవతలికి పోతున్నాయి.

అవతల పెద్దవ్వ ఇల్లు. చుట్టం కాదు, పక్కింటి ఆమె. బాపు వదినె అంటాడు, నేను పెద్దవ్వ అంటాను. భర్త పోయి చాలా కాలమైంది. నాలుగు గుంటల చెలక, అందులో పసుపు, అంతే ఆమెకున్నది. అంత కొంచెం సరుకుకు ఎవరూ బండి పెట్టరు. ఎవరి ట్రాక్టరులోనైనా అందరి బస్తాలూ ఎక్కాక చోటు మిగిలితే వేస్తారు. కిందటేడు అలా ఎదురుచూస్తుండగానే వాన కొట్టి ఆమె పసుపు రంగు పోయింది. నల్లబడ్డ పసుపును కొనేవాడు లేడు. ఈ ఏడు పై వాడ ట్రాక్టరులో రెండు రోజుల కింద చోటు దొరికిందట. దొరికితే, వద్దన్నది బాపేనట. మన పిల్ల బండి వస్తున్నది, అన్నిటికంటే ముందు నీ పసుపే పోతదని మాటిచ్చాడట. ఎప్పుడూ పిలిచే కిరాయి పికప్ అతనికి కూడా ఈ ఏడు అవసరం లేదని చెప్పేశాడు. అతను ఇంకో ఊరి పనిలో పడ్డాడు, వారం దాకా రాడు. మా పసుపుకు ఇబ్బంది లేదు, ఇల్లు నిండా పోసుకుని ఉంది. ఆమె ఇంట్లో కారని మూల లేదు. ఆమె బస్తాలు మాత్రం కుట్టేసి, ఉదయం నుంచి ఆమె వాకిట్లో సిద్ధంగా ఉన్నాయి. పైన మబ్బు.

"తప్పు నాదే బిడ్డా," అన్నాడు బాపు, మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా. "నాకు కావాల్సిందే ఇన్న. పోయి వదినెకు చెప్పొస్త."

తువ్వాలు భుజాన వేసుకుని నడిచాడు. మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడం మా బాపుకు చేతకాదు. అది ఎలా చేయాలో ఆయన కాళ్లకు కూడా తెలిసినట్టు లేదు, గేటు దాకా పోవడానికే అంత సేపు పట్టింది. ఆ నడక నేను చూడలేకపోయాను. కొన్నప్పటి నుంచీ ఒక్కసారీ తెరవని వెనక డిక్కీ తలుపు ఎత్తాను. సీటు పక్కన ఏదో పట్టీ కనపడితే లాగాను. వెనక సీటు మొత్తం ముందుకు పడుకుంది. లోపల నేను అనుకోనంత చోటు.

"బాపూ, ఆగు. ఎన్ని బస్తాలు?"

"మూడున్నర."

"పడ్తయి," అన్నాను. పడతాయో లేదో నాకు తెలియదు.

పాత చీరలు పరిచాం. మొదటి బస్తా పొడుగ్గా, రెండోది దాని పక్కన, మూడోది ఆ రెండింటి మీద, సగం బస్తా సందులో. కారు వెనక కూలబడి, ముందు ముక్కు పైకెత్తింది. గోనె సందుల్లోంచి రాలిన పసుపు చీరలు దాటి రెక్జిన్ మీద పడింది, ఎర్ర దారం కుట్లలోకి పోయింది. బోధన్ పెద్దమనిషి గుర్తొచ్చాడు. నాకు బాధ కలగలేదని రాస్తే అది అబద్ధమవుతుంది. బాగా కలిగింది. బాపు తువ్వాలుతో తుడవబోతే, తుడిస్తే ఇంకా అంటుకుంటుందని అమ్మ కేకేసింది.

ఇక మిగిలింది నా పక్క సీటు ఒక్కటే. అది బాపుదని నేను పొద్దుటి నుంచీ అనుకుంటున్నాను. ఆయన దాని వైపు చూశాడు. తర్వాత, బస్తాలు కుట్టిన దబ్బనం ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డ పెద్దవ్వ వైపు చూశాడు. ఆమె పసుపు నలభై ఏళ్లుగా గంజ్‌కు పోతోంది. ఆమె ఎన్నడూ పోలేదు. ట్రాక్టర్లలో బస్తాల మీద కూర్చుని మగవాళ్లే పోతారు.

"కూసో వదినె," అన్నాడు బాపు. "నేను బస్సుల వస్త."

నేనెందుకయ్యా అంది ఆమె. ఆ మాట అంటూనే లోపలికి పోయి మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, తాళం వేసి వచ్చింది. పది నిమిషాలు పట్టింది. ఆలస్యం పడని నాకు ఆ పది నిమిషాలూ ఏమీ అనిపించలేదు.

ఆ రోజు నేను నడిపిన తీరు ఎవరూ చూడకపోతే బాగుండేది. ప్రతి స్పీడ్ బ్రేకరుకూ బండిని అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ బుజ్జగిస్తూ దాటించాలి. అయినా కింద గర్రుమని గీసుకునేది. పసుపు ట్రాక్టర్లు, గడ్డి ట్రాక్టర్లు, ఆఖరికి ఒక ముసలాయన మోపెడ్ కూడా నన్ను దాటిపోయింది. పెద్దవ్వ తలుపు పైనుండే పట్టీని రెండు చేతులా పట్టుకుని, కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. కింద చాపేసుకుని కూసున్నట్టే ఉన్నది గని ఉరుకుతున్నది బిడ్డా, అంది కాసేపటికి. ఇంకా ఉరుకుతదా అని అడిగింది. బ్రేకర్లు లేని తిన్నటి రోడ్డు ఒకటి వచ్చినప్పుడు, బరువును లెక్క చూసుకుని, కొంచెం తొక్కాను. ఆమె పట్టీ వదిలేసి నవ్వింది. రుద్రూర్ రోడ్డు మీద నేను నవ్వినట్టే నవ్వింది. నాలుగు చినుకులు అద్దం మీద పడ్డాయి. మేం లోపలున్నాం, పసుపు మా వెనకుంది. నాకు చాలా సంతోషంగా అనిపించింది.

గంజ్ గేటు దగ్గర మనిషి మమ్మల్ని ఆపి, కార్లు అటు పక్కన పెట్టుకోవాలని చెయ్యి చూపించాడు. సరుకు తెచ్చామన్నాను. సరుకేదని అటూ ఇటూ చూశాడు. దిగి వెనక తలుపు ఎత్తి చూపించాను. గాలికి ఇంత పసుపు లేచి ఆయన చొక్కా మీద పడింది. పక్కనున్న వాళ్లను కూడా పిలిచి చూపించి, తర్వాత చీటీల పుస్తకం తీశాడు.

రైతు పేరు ఏమిటని అడిగాడు. నేను బాపు పేరు చెప్పబోయాను. ప్రతి ఏడూ ఆమె బస్తాలు ఎవరి ట్రాక్టరులో వచ్చినా, గంజ్‌లో మా బస్తాల్లో కలిపి ఆ పేరు మీదే రాసేవాళ్లు. ఈలోగా పెద్దవ్వ, ఆ లోతు సీటులోంచి నా చెయ్యి పట్టుకుని లేచి వచ్చి, నన్ను కొంచెం పక్కకు జరిపి నిలబడింది. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పింది. ట్రాక్టర్ల మోతలో వినపడక అతను మళ్లీ అడిగాడు. ఇంకా గట్టిగా చెప్పింది.

నేను పుట్టినప్పటి నుంచి ఆమె మా పక్కింట్లోనే ఉంది. ఆమె పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

అతను రాసి, చింపి ఇచ్చాడు. ఆమె చీటీని రెండు వైపులా తిప్పి చూసి నాకిచ్చింది.

"మంచిగ రాసిండా సూడు బిడ్డా."

చూశాను. ఒక దీర్ఘం తక్కువైంది. వెనక ట్రాక్టర్లు ఆగకుండా హారన్లు కొడుతున్నాయి. నేను చీటీ గేటు మనిషికి వెనక్కిచ్చి, దీర్ఘం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి, మళ్లీ రాయించాను.